ఎవరు రాసిన లెక్క? - మహలనోబిస్ జీవితం

మా కంప్యూటర్ లాబులో రోజూ ఎవరో ఒకరు ఆయన పేరు టైపు చేస్తూనే ఉంటారు. మెషీన్ లెర్నింగ్ ప్రాక్టికల్సులో రెండు దత్తాంశాల మధ్య దూరం కొలవాల్సి వచ్చినప్పుడల్లా మహలనోబిస్ అనే ఫంక్షన్‌ని పిలవడం, అది ఒక అంకె తెచ్చి మన ముందు పడెయ్యడం, ఆ అంకెని రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకోవడం. ఆయనతో మాకున్న పరిచయం అంతే. మొదటి సంవత్సరమంతా నేనాయన్ని ఏ గ్రీకు దేశస్థుడో అనుకున్నాను. చివర ఇస్ అని ఉంది గదా! బెంగాలీ ఆయన అని తెలిసిన రోజున కాస్త సిగ్గు వేసిన మాట నిజం. నవీస్ అంటే ఫార్సీలో రాసేవాడు. ఫడ్నవీస్‌లో ఉన్న నవీసే ఇదీనూ. నవాబుల కాలంలో లెక్కాపత్రం రాసే కొలువు చేసినవాళ్ళకి అంటుకుపోయిన పేరు. మనవైపు కరణం అని ఇంటిపేరున్న వాళ్ళున్నారు చూడండి, అల్లాంటిదన్న మాట.

ఈసారి సావనీరుకి ఎవరైనా ఒక శాస్త్రవేత్త జీవితం రాసిపెట్టమని యూనియన్ సెక్రటరీ అడిగితే, ట్యూరింగ్ గురించి రాస్తానని ఒప్పుకున్నవాణ్ణి మధ్యలో మనసు మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో చెప్పాలంటే నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి. దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. వాళ్ళది బ్రహ్మసమాజపు ఇల్లు. తాత గురుచరణ్ తూర్పు బెంగాల్లోని విక్రమపురం ప్రాంతం నుంచి కలకత్తాకి వలస వచ్చి, దేవేంద్రనాథ ఠాగూర్ ప్రభావంలో పడి, లోకం ఏమనుకున్నా సరేనని ఒక వితంతువుని పెళ్ళి చేసుకున్నవాడు. మన వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ తాతగారి పెళ్ళి అంతకు చాలా ముందటిది. అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రవాడికి పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మాలి అనే అలవాటు అబ్బకపోవడం వింతేమీ కాదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో 1912లో ఫిజిక్స్ ఆనర్సు పూర్తి చేశారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి వారు పాఠాలు చెప్పిన కాలం అది. 1913లో ఇంగ్లండు ప్రయాణం. లండన్ యూనివర్సిటీలో చేరాలని వెళ్ళిన మనిషి, ఊరు చూసి వద్దామని కేంబ్రిడ్జి వెళ్ళి తిరుగు రైలు తప్పిపోయారు. రాత్రికి స్నేహితుడి దగ్గర తల దాచుకున్నారు. కింగ్స్ కాలేజీ ప్రార్థనా మందిరం చూసి మనసు పారేసుకున్న సంగతి ఆ స్నేహితుడికి చెబితే, అయితే ఇక్కడే చేరరాదా అని ఆయన అన్నాడట. దరఖాస్తు పెట్టారు, చేరిపోయారు. ఒక రైలు తప్పిపోయినందుకు లండన్ ఆయన్ని పోగొట్టుకుంది.

ఆ కేంబ్రిడ్జిలోనే మన దక్షిణాది రామానుజన్‌తో స్నేహం. చలికి తట్టుకోలేక రామానుజన్ ఓవర్‌కోటు తొడుక్కుని, శాలువా కప్పుకుని మంచం మీద పడుకునేవాడట. ఇన్ని కంబళ్ళు ఉండగా ఇదేమిటని చూస్తే, పక్క చక్కగా పరిచి అంచులు దోపిన కంబళ్ళ కిందికి దూరి పడుకోవాలన్న సంగతే ఆయనకి తెలీదు. దుప్పటి తొలగించి ఎలా దూరాలో చూపించింది మహలనోబిసే. ఇంకోరోజు ఒక పత్రికలో వచ్చిన ఇళ్ళ నంబర్ల చిక్కుప్రశ్న ఈయన చదివి వినిపిస్తే, పొయ్యి మీద కూర కలుపుతూనే రామానుజన్ ఆ ఒక్క ప్రశ్నకే కాక ఆ జాతి ప్రశ్నలన్నిటికీ కలిపి ఒకే జవాబు అప్పజెప్పేశాడు. ఈ రెండు సంగతులూ బయటికి వచ్చింది మహలనోబిస్ వల్లనే.

1915లో ఫిజిక్సులో ఫస్టు క్లాసు వచ్చింది. కావెండిష్ లాబొరేటరీలో సి.టి.ఆర్. విల్సన్ దగ్గర పరిశోధన చెయ్యాలని అనుకున్నారు. సెలవులకి ఇంటికి వచ్చి పోదామని బయల్దేరబోతుండగా, ట్యూటర్ మెకాలే అనే ఆయన బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించారు. కార్ల్ పియర్సన్ లండన్ నుంచి నడిపే పత్రిక అది. జీవశాస్త్రానికి లెక్కలు జోడించే వ్యాసాలు అందులో ఉండేవి. ఈయనకి అవి ఎంత నచ్చాయంటే సెట్టు మొత్తం కొనేసి, ఓడలో కూర్చుని చదువుకుంటూ వచ్చారు. మళ్ళీ కావెండిష్‌కి వెళ్ళలేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా పరీక్షల మార్కులు, వానల లెక్కలు, ఏవి చేతికి దొరికితే అవి ముందేసుకుని కూర్చునేవారు. స్టాటిస్టిక్స్ అనే సబ్జెక్టు మన దేశంలో ఏ యూనివర్సిటీలోనూ విడిగా లేని రోజులవి.

1920లో నాగపూర్ సైన్సు కాంగ్రెసులో జువలాజికల్ సర్వే అధిపతి నెల్సన్ ఆనండేల్ ఆయనకి ఒక పని అప్పజెప్పారు. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీరపు కొలతలు తన దగ్గర ఉన్నాయి, వాటిని లెక్కగట్టి చూడమన్నారు. ఆ వ్యాసం 1922లో అచ్చయింది. తల వెడల్పు, ముక్కు పొడవు కొలిచి జాతుల్ని వర్గీకరించే ఆ కాలపు చదువు ఇవాళ చదువుతుంటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కాని ఆ ఇబ్బందికరమైన ప్రశ్నలోంచి ఒక మంచి ప్రశ్న పుట్టింది. రెండు గుంపుల మధ్య దూరం ఎంత అని అడిగితే, ఆ దూరాన్ని దేనితో కొలవాలి?

దీన్ని కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే మా క్లాసులో సగం మందికి సూత్రం వచ్చు, సంగతి రాదు. ఒక ఊళ్ళో మగవాళ్ళ సగటు ఎత్తు 165 సెంటీమీటర్లు అనుకోండి, సగటు బరువు 60 కిలోలు. మామూలుగా ఉండే తేడా ఎత్తులో 6 సెంటీమీటర్లు, బరువులో 10 కిలోలు. ఇప్పుడు ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన 177 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు. రెండో ఆయనా అంతే ఎత్తు, బరువు మాత్రం 40 కిలోలు. ఇద్దరూ సగటుకి ఎత్తులో రెండు మెట్లు, బరువులో రెండు మెట్లు దూరంలో ఉన్నారు. మామూలు టేపుతో కొలిస్తే, అంటే మెట్ల వర్గాలు కూడితే, ఇద్దరికీ 8 వస్తుంది. ఇద్దరూ సమానమే. కాని మన కళ్ళకి సమానమా? పొడుగాటి మనిషి బరువుండటంలో విశేషమేముంది? పొడుగాటి మనిషి 40 కిలోలుంటే మటుకు ఏమైంది నాయనా అని అడుగుతాం. ఎత్తూ బరువూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. ఆ పట్టుదల సహసంబంధం 0.6 అనుకుని మహలనోబిస్ సూత్రంలో వేస్తే, మొదటి ఆయనకి దూరపు వర్గం 5, రెండో ఆయనకి 20. కంటికి తెలిసిన తేడా అంకెలోకి వచ్చింది. దీన్నే డి స్క్వేర్ అంటారు. ఎన్ని లక్షణాలున్నా ఇదే పద్ధతి, సహసంబంధాలన్నీ ఒక మాత్రికలో పెట్టి దాన్ని తిరగేస్తారు, అంతే.

ఇది ఒక్కరోజులో తేలలేదు. 1920ల మధ్యలో మొదలై 1936లో పూర్తి రూపంలో అచ్చయింది. మధ్యలో 1926-27లో లండన్ వెళ్ళి సాక్షాత్తూ పియర్సన్ లాబొరేటరీలోనే కొన్ని నెలలు పనిచేశారు. పియర్సన్ వాడే కొలత మనుషుల్ని ఎక్కువమందిని తీసుకుంటే పెరుగుతుంది, తక్కువమందిని తీసుకుంటే తగ్గుతుంది, అంచేత అది దూరాన్ని కొలవడం లేదని ఈయన వాదం. ఏ పత్రిక చదివి ఈ దారి పట్టారో ఆ పత్రిక సంపాదకుడితోనే తగువు! పియర్సన్ ఒప్పుకోలేదు. ఈయన మానుకోలేదు.

ఇంకో సంగతి. రిస్లీ అనే దొర పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ కులాల, తెగల కొలతలు పెద్ద పుస్తకాలుగా అచ్చేశాడు. అందరూ వాటిని వేదంలా వాడుకుంటున్నారు. మహలనోబిస్ వాటిని ముందేసుకుని అంకె వెంట అంకె సరిచూస్తే తప్పులు బయటపడ్డాయి. వాటిని ఏరి, సరిదిద్ది 1933లో ప్రచురించారు. ఆయన జీవితమంతా చేసిన పని ఇదేననిపిస్తుంది నాకు. అంకెని చూడగానే ఇది ఎవరు రాశారు, ఎలా రాశారు అని అడగడం.

ఫిజిక్స్ విభాగంలోని ఒక గదిని స్టాటిస్టికల్ లాబొరేటరీ అన్నారు. 1931 డిసెంబరు 17న కలకత్తాలో సమావేశమై ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాలని నిర్ణయించారు. 1932 ఏప్రిల్ 28న రిజిస్టరు చేశారు. సంఖ్య అనే పత్రిక 1933లో మొదలైంది. ఆ గదిలో చేతి మిషన్లు తిప్పుతూ కూడికలు వేసే ఉద్యోగుల్ని కంప్యూటర్లు అనేవారు. కంప్యూటర్ అంటే అప్పుడు మనిషి.

వరదల సంగతి కూడా చెప్పాలి. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచింది కాబట్టి గట్లు కొన్ని అడుగులు ఎత్తు చెయ్యాలన్నారు ఇంజనీర్లు. మహలనోబిస్ సుమారు అరవై ఏళ్ళ వాన లెక్కలు, నీటిమట్టాల లెక్కలు తీసి, అడుగు లేవనూ లేదు, ఏమీ లేదు, పైన అసాధారణంగా వాన పడింది, అంతేనని తేల్చారు. గట్లు పెంచితే ఉపయోగం లేదు, ఎగువన నీటిని ఆపాలన్నారు. అంతకు ముందు 1922లో ఉత్తర బెంగాల్ వరదల విషయంలోనూ ఇంతే. ఖర్చుతో కూడిన జలాశయాలు వద్దు, నీరు పోయే దారి చూడండన్నారు. ఒక ఫిజిక్స్ మాస్టారు ఇంజనీర్లకి వరద గురించి చెప్పడమేమిటని చాలామందికి కోపం వచ్చి ఉంటుంది.

ఇక జనపనార. ఆయన అసలు గొప్పతనం నా మటుకు ఇక్కడే ఉంది.

మన రైత్వారీ జిల్లాల్లో ఊరూరా కరణం ఉండేవాడు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఎంత వేశారో అడంగల్లో రాసేవాడు. నిజమో అబద్ధమో, రాసేవాడంటూ ఒకడు ఉండేవాడు. (1984లో ఆ పదవే పోయింది, అది వేరే కథ.) బెంగాల్లో శాశ్వత శిస్తు కాబట్టి శిస్తు మారేది లేదు, అంచేత పంట రాసుకోవాల్సిన అవసరమూ సర్కారుకి లేదు. అడిగితే ఊరి చౌకీదారు ఏదో ఒక అంకె చెప్పేవాడు, దాన్ని పైకి పంపేవారు. ప్రపంచానికంతటికీ గోనెసంచుల నార పండించే రాష్ట్రంలో ఎంత భూమిలో జనపనార వేశారో ఎవరికీ సరిగ్గా తెలీదు. 1937లో ఆ పని మహలనోబిస్ చేతికి వచ్చింది. మడి మడీ లెక్కపెట్టడానికి డబ్బూ చాలదు, మనుషులూ చాలరు, లెక్క పూర్తయ్యేసరికి పంట అమ్ముడైపోతుంది. అంచేత యాదృచ్ఛికంగా కొన్ని తునకలు ఎంచుకుని వాటినే జాగ్రత్తగా చూసి మొత్తం అంచనా వెయ్యాలన్నారు. అదే శాంపిల్ సర్వే. ముందు చిన్న ఎత్తున చేసి చూడటం, ఏడాదికేడాది విస్తరించడం, ఎంత ఖర్చుకి ఎంత ఖచ్చితం వస్తుందో ముందే సమీకరణంలో పెట్టడం, ఇవన్నీ ఆయన ఆ పొలాల్లోనే నేర్చుకున్నారు. 1944లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీన్నంతా పెద్ద వ్యాసంగా రాశారు. మరుసటి ఏడు ఆ సొసైటీ ఫెలోగా ఎన్నుకుంది.

శాంపిల్ వల్ల వచ్చే పొరపాటుని గణితంతో కట్టడి చెయ్యొచ్చు, అది పుస్తకాల్లో ఉంది. మనిషి వల్ల వచ్చే పొరపాటు మాటేమిటి? పొలంలోకి దిగడానికి బద్ధకించేవాడు, బురద చూసి గట్టు మీదనుంచే రాసేసేవాడు, చెట్టు కింద కూర్చుని ఫారం నింపేసేవాడు? దీనికి ఆయన కనిపెట్టిన ఉపాయం చూడండి. ఒకే ప్రాంతంలో రెండు శాంపిళ్ళు విడివిడిగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయేట్టు, వలలో వల వేసినట్టు ఎంచుతారు. ఒక్కోదానికి ఒక్కో జట్టు వెళ్తుంది. ఒకరి అంకెలు ఇంకొకరికి తెలియవు. రెండు జట్లూ ఒకే ప్రాంతాన్ని చూశాయి కాబట్టి రెండు అంచనాలూ దగ్గర దగ్గరగా రావాలి. రాలేదా, తేడా పొలంలో లేదు, మనుషుల్లో ఉంది. చిన్న తునకలు కోసి పంట తూచితే దిగుబడి ఎక్కువ చూపిస్తుందన్న సంగతి కూడా ఆయన సర్వేల్లోనే బయటపడింది. హద్దు మీద ఉన్న మొక్కని కోసేవాడి చెయ్యి తెలియకుండానే లోపలికి లాక్కుంటుంది. తునక చిన్నదైన కొద్దీ హద్దు పాలు ఎక్కువ. ఈ విషయంలో పి.వి. సుఖాత్మేతో చాలాకాలం వాదం నడిచింది. సుఖాత్మే పెద్ద తునకలు తీసుకుని ఉన్న రెవెన్యూ సిబ్బందితోనే చేయిద్దామంటారు. ఈయన ఇదే పనిగా తర్ఫీదు పొందిన మనుషులు కావాలంటారు. ఖర్చు విషయంలో సుఖాత్మే మాటలోనూ బలం ఉందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి. పోయినేడు మేం నలుగురం కలిసి ఒక ప్రాజెక్టు చేశాం. చుట్టుపక్కల పల్లెల్లో మొబైల్ సేవలు, అంటే ఫోన్లో డబ్బు పంపడం, ధరలు చూడటం, దరఖాస్తులు పెట్టడం, ఎవరు వాడతారు, ఎవరు వాడరు అన్నది ముందే చెప్పగలిగే మెషీన్ లెర్నింగ్ మోడల్ తయారు చెయ్యాలి. నాలుగు ఊళ్ళు, తలా ఒకటి, తలా 45 ఫారాలు. నా ఊరు దూరం. రెండో రోజు వాన, మూడో రోజు బస్సు రాలేదు. 14 ఇళ్ళు తిరిగాను. మిగతా 31 ఫారాలూ హాస్టలు గదిలో మంచం మీద కూర్చుని నింపేశాను. ఎవరికి ఎంత వయసుంటే ఏమంటారో నాకు తెలుసు గదా అనుకున్నాను. మోడల్ నూటికి 92 సరిగ్గా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మా మాస్టారు చప్పట్లు కొట్టలేదు. ఎవరి ఫారాలు వాళ్ళవి విడగొట్టి, ఒక్కో ఫారం నడిమి బిందువు నుంచి ఎంత దూరంలో ఉందో మహలనోబిస్ దూరం వేసి తెమ్మన్నారు. మిగతా ముగ్గురివీ చిందరవందరగా, కొన్ని దగ్గర, కొన్ని ఎక్కడో దూరాన ఉన్నాయి. నావి నడిమధ్య ముద్ద కట్టి ఉన్నాయి. కల్పించేవాడు వింత మనిషిని కల్పించడు, సగటు మనిషినే కల్పిస్తాడు. యంత్రానికి నా కల్పన నేర్చుకోవడం చాలా తేలిక, 92 వచ్చింది అందుకే. అయినా మాస్టారు నన్నేమీ అనలేకపోయారు. ఊరికొక మనిషి చొప్పున వెళ్ళాం కాబట్టి ఆ తేడా నాదో, ఊరిదో తేల్చే దారి లేదు. ఆ ఊరి జనమే ఒక తీరుగా ఉంటారేమో సార్ అన్నాను. రెండు రోజులు అలాగే తప్పించుకు తిరిగాను. మూడోరోజు ఆయన జనపనార సర్వే గురించిన కాగితాలు నా చేతిలో పెట్టి, ప్రతి ఊరికీ ఇద్దరేసి వెళ్ళి సగం సగం ఇళ్ళు చీటీలు తీసి పంచుకోవాలి, మళ్ళీ మొదలుపెట్టండన్నారు. నా ఊరికి రెండో మనిషిగా పడినవాడు నా రూమ్మేటు. వాడు బస్సెక్కే ముందు రాత్రి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వాడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో ఒక ముసలమ్మ కనిపించింది. ఆమెకి ఫోను లేదు. గల్ఫులో ఉన్న కొడుకు డబ్బు పంపినప్పుడల్లా పక్కింటి కుర్రాడి ఫోన్లో చూపించుకుంటుంది. వాడు చదివిన అంకె సరో కాదో ఇంకో ఇంటికి వెళ్ళి మళ్ళీ చూపించుకుంటుంది. ఆమెని వాడేవారి గడిలో పెట్టాలో, వాడనివారి గడిలో పెట్టాలో నాకు తెలియలేదు. మోడల్ 92 నుంచి 78కి దిగింది.

మహలనోబిస్ దగ్గరికి వద్దాం. ఆయన ఇన్‌స్టిట్యూటుకి మన తెలుగువాడు వెళ్ళిన సంగతి చెప్పకుండా ముందుకి పోకూడదు. సి.ఆర్. రావుగారు హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని, 1940లో ఆంధ్ర యూనివర్సిటీలో గణితం ఎం.ఎ. అయ్యారు. ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్ళి, అక్కడ కలిసిన ఒకతని మాట మీద ఈ ఇన్‌స్టిట్యూటు చూడటానికి వెళ్ళి, 1941 జనవరిలో అందులో చేరారు. 1946లో మహలనోబిస్ ఆయన్ని కేంబ్రిడ్జి పంపించారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతల్ని ఈ డి స్క్వేర్‌తో లెక్కగట్టడానికి. ఆ పని చేస్తూనే ఫిషర్ దగ్గర డాక్టరేటు సంపాదించారు. గుండె మీద చెయ్యేసుకుని చెప్పాలంటే, గణితంలో శిష్యుడే గురువుని మించాడు. 1945లో రావుగారు రాసిన ఒక్క వ్యాసం ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. కాని నందిగామ బళ్ళో చదివిన కుర్రాడికి కేంబ్రిడ్జి దారి చూపించిన చూపు మహలనోబిస్‌ది.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ ఆయన్ని 1949లో మంత్రివర్గానికి గణాంక సలహాదారుగా పెట్టుకున్నారు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. ఐదు లక్షలకు పైగా పల్లెలున్న దేశంలో మొదటి విడత ఎంచుకున్నవి రెండు వేల లోపే. జనం ఏం తింటారు, ఎంత ఖర్చు పెడతారు, ఎన్ని భాషల్లో అడగాలి, గజం, కుంచెం, మానిక వంటి ఊరికో కొలతని ఎలా కలపాలి, ఇవన్నీ అక్కడ తలకెత్తుకున్న చిక్కులు. ఇందులోనూ వలలో వల పద్ధతి వదల్లేదు. ఇప్పుడు మా సిలబసులో దత్తాంశాన్ని పది కంప్యూటర్లలో పంచిపెట్టి, ప్రతుల్ని పోల్చి ఎక్కడ తప్పుందో పట్టుకునే పాఠం ఉంది. ఒకే దత్తాంశంలోంచి మళ్ళీ మళ్ళీ శాంపిళ్ళు తీసి అంచనా ఎంత ఊగుతుందో చూసే బూట్‌స్ట్రాప్ అనే పాఠమూ ఉంది. 1979లో వచ్చిన ఆ బూట్‌స్ట్రాప్‌కి పూర్వీకుల్లో ఒకరిగా మహలనోబిస్‌ని లెక్కవేసినవాళ్ళున్నారు.

అన్ని ఫారాలూ కూడటానికి మనుషులు చాలరని యంత్రాల మీద పడ్డారు. 1953-54లో ఇన్‌స్టిట్యూటులోనే సమరేంద్ర కుమార్ మిత్రా ఒక అనలాగ్ కంప్యూటర్ కట్టారు. 1955-56లో ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి. 2ఎం అనే డిజిటల్ కంప్యూటర్ తెప్పించారు. మన దేశంలో అడుగుపెట్టిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. గదంత యంత్రం, దాని జ్ఞాపకశక్తి వెయ్యి పైచిలుకు సంఖ్యలు. తర్వాత రష్యా నుంచి ఉరాల్ వచ్చింది. 1966లో జాదవ్‌పూర్ యూనివర్సిటీతో కలిసి సొంతంగా ఒకటి తయారు చేశారు. ఫిజిక్స్ చదివి, లెక్కలు పట్టి, నృశాస్త్రం, వరదలు, పంటలు దాటి కంప్యూటర్లదాకా వచ్చారన్న మాట.

రెండో పంచవర్ష ప్రణాళికకి ఆయన గీసిన నమూనా గురించి ఎకనామిక్స్ మిత్రులు నాకంటే బాగా చెప్పగలరు. యంత్రాలు చేసే యంత్రాలకి పెద్దపీట వేస్తే కొన్నేళ్ళకి అన్నీ పెరుగుతాయన్నారు. 1955లోనే బి.ఆర్. షెనాయ్ ఒక్కడే నిలబడి అసమ్మతి రాశాడు. వ్యవసాయానికి తగినంత ఇవ్వలేదన్న విమర్శ ఇప్పటికీ ఉంది. పొలంలో హద్దు మీది మొక్కని కూడా అనుమానించిన మనిషి, ఢిల్లీలో తన సమీకరణాన్ని అంతగా అనుమానించినట్టు కనిపించదు. మనిషి కూడా సులువైన మనిషి కాదు. ఇన్‌స్టిట్యూటు తన ఇల్లు, తన మాటే చెల్లాలి. ఇంగ్లండు వదులుకుని 1957లో ఆయన దగ్గరికి వచ్చిన జీవశాస్త్రవేత్త హాల్డేన్, నాలుగేళ్ళు తిరక్కుండానే తగువుపడి వెళ్ళిపోయారు. పెద్ద చెట్టు కింద చిన్న చెట్లు పెరగవంటారు. ఈ చెట్టు కింద పెరిగాయి, కాని కొన్ని కొమ్మలు గీసుకున్నాయి.

ఇంట్లో మటుకు ఆయనకి ఎదురు చెప్పగలిగిన మనిషి ఒకామె ఉండేది, నిర్మలకుమారి, అందరూ రాణి అనేవారు. 1923లో పెళ్ళయింది. బ్రహ్మసమాజంలోని కొన్ని నియమాల మీద అల్లుడికి ఉన్న అభ్యంతరాలు నచ్చక తండ్రి హేరంబ చంద్ర మైత్రా పెళ్ళికి ఒప్పుకోలేదు. కన్యాదానం మహలనోబిస్ మేనమామ నీలరతన్ సర్కార్ చేశారు. దంపతులిద్దరూ రవీంద్రనాథ్‌కి ఆప్తులు. విశ్వభారతి మొదలైన 1921 నుంచి పదేళ్ళు మహలనోబిస్ దాని కార్యదర్శుల్లో ఒకరు. 1926లో కవితో పాటు యూరప్ తిరిగారు. బారానగర్‌లో ఆయన ఇంటికి ఆమ్రపాలి అని పేరు. ఇన్‌స్టిట్యూటు దాని చుట్టూ పెరిగింది.

1959లో పార్లమెంటు చట్టం చేసి ఇన్‌స్టిట్యూటుని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అంది. 1968లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1970ల మొదట్లో శాంపిల్ సర్వేని ఇన్‌స్టిట్యూటు నుంచి విడదీసి ప్రభుత్వం తన కిందికి తీసుకుంది. తను పెంచిన పిల్ల పరాయింటికి వెళ్ళినట్టయింది. పని మాత్రం మానలేదు. 1972 జూన్ 28న కలకత్తాలో కన్నుమూశారు. ఇంకొక్క రోజుంటే 79 నిండేవి.

ఆయన తర్వాత ఇన్‌స్టిట్యూటు బాధ్యత సి.ఆర్. రావుగారి మీద పడింది. రావుగారు 2023 ఆగస్టులో అమెరికాలో 102 ఏళ్ళ వయసులో పోయారు. ఆమ్రపాలి ఇప్పుడు మ్యూజియం. 2007 నుంచి జూన్ 29న గణాంక దినం జరుపుతున్నారు. మా ప్రాజెక్టు ఫారంలో రెండోసారి ఒక గడి కొత్తగా చేర్చాం, పైన కుడివైపు మూలన. సేకరించినవారి పేరు, తేదీ.